కోడికాలికి కట్టిన గుడ్డ

కువైట్‌లో వాన ఉండదని చెప్పి పంపించారు నన్ను. ఎండకి మాడిపోతావు, గొంతు తడుపుకుంటూ ఉండు అన్నారు. బురద సంగతి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ చలికాలంలో వాన వస్తే ఒక్కసారే విరుచుకుపడుతుంది. వచ్చిన నీళ్ళు ఎటూ పోవు. పైన ఇసక, కింద రాయిలాంటి నేల. మా కోనసీమలో నీళ్ళకి ఎటో ఒక దారి ఉంటుంది. బోదె లేకపోతే పంటకాలవ, అదీ లేకపోతే పక్కవాడి చేను. ఇక్కడ నీళ్ళు నిలబడి మన మొహమే చూస్తుంటాయి.

ఎగైలాలో నేను పనిచేసే ఇంటి వెనక కోళ్ళ దొడ్డి ఉంది. చుట్టూ ఇనపజాలీ, ఓ మూల రేకు కప్పిన గూడు. ఆ ఇంటావిడని అందరిలాగే నేనూ మామా అంటాను, ఇంటాయన్ని బాబా అంటాను. కోళ్ళు మామావి కావు, ఆవిడ అత్తగారివి. ముసలావిడ కొట్టుగుడ్డు తినదు. అందులో జీవం లేదంటుంది. పొద్దున్నే వెచ్చని గుడ్డు తెచ్చి చేతిలో పెడితే చెంపకి ఆనించుకుని చూసి, అప్పుడు ఉడకబెట్టమంటుంది. ఇంట్లో వంట, గదులు, బట్టలు అన్నీ నా పనే, కానీ నన్ను ఆ ఇంట్లో నిలబెట్టింది మాత్రం కోళ్ళు. కోళ్ళని చూడడం వచ్చా అని అడిగితే, పుట్టాక నాకు వచ్చిన మొదటి పని అదేనన్నాను.

ఆ యేడు వాన వదల్లేదు. ఒకటి ఆరకముందే ఇంకోటి. దొడ్డంతా అడుసైపోయింది. కోళ్ళ రెట్ట, మేత, నీళ్ళు కలిసి రొచ్చుకంపు. పొద్దున్నే పారతో పైబురద గీకి బకెట్లలో మోసేదాన్ని. జాలీ కిందనుంచి చిన్న బోదె తవ్వి నీళ్ళని గేటు వైపు మళ్ళించాను. సిమెంటు బస్తాలు పేర్చి తెచ్చే చెక్క పలకలు తెచ్చి పరిచాను, కోళ్ళు కాలు పెట్టడానికి. ముసలావిడ చలికి బొగ్గుల కుంపటి పెట్టించుకుంటుంది. ఆ బూడిదంతా దాచి గూట్లో చల్లేదాన్ని. మేత తొట్టి తాడుతో వేలాడదీశాను. ఎంత చేసినా కోళ్ళ కాళ్ళకి బురద ముద్దలు కట్టేవి. వాటిని నీళ్ళలో నానబెట్టి వేళ్ళతో విడదీయాలి, లాగితే గోరూడి వస్తుంది.

అన్నీ ఒకే జాతి, ఒకే ఎరుపు. పొడిగా ఉన్నప్పుడు నాకు దేనికది తెలిసేది. ఒకదానికి తోకలో తెల్ల ఈక, ఒకదానికి రెక్క మీద పొడుపు మచ్చ, ఒకటి కాస్త కుంటుతుంది. బురద పట్టాక అన్నీ బురదకోళ్ళే. లెక్కపెట్టుకోవడం తప్ప గుర్తుపట్టడం లేదు.

ఒకరోజు మేత వేస్తుంటే ఒక పెట్ట మూలకి ఒదిగి నిలబడింది. తిండికి రాదు. వస్తే మిగతావి మీదపడి పొడుస్తున్నాయి. లెక్క చూశాను, సరిపోయింది. కానీ అనుమానం వదల్లేదు. కొత్త కోడిని తప్ప పాతకోళ్ళు ఇలా పొడవవు. ఏ కోళ్ళు పెంచిన ఆడదాన్ని అడిగినా చెప్తుంది. మందలో పుట్టిన దాన్ని అలా తరమవు.

ఇంట్లో డ్రైవరు ఒకతను ఉన్నాడు, జగిత్యాల వైపు మనిషి. నాకంటే చిన్నవాడు, అక్కా అంటాడు. కోళ్ళ మేత అతనే తెస్తాడు. కారు బాగుచేయించడానికి అర్దియా వెళ్ళి, వచ్చేటప్పుడు మూట వేసుకొస్తాడు. ముందురోజు అలాగే వెళ్ళొచ్చాడు. అతను కారు తుడుస్తుంటే వెళ్ళాను.

"తమ్ముడూ, ఆ పెట్ట ఎక్కడిదయ్యా?"

"ఏ పెట్టనే అక్కా?"

"అదిగో, ఆ మూల నిలబడింది. మిగతావి దాన్ని పొడిచేత్తన్నాయి."

"కోళ్ళన్నంక పొడుసుకోవా? మనుషులే పొడుసుకుంటున్నరు."

"నిన్న లేదది."

"లెక్క సరిగ్గనే ఉన్నదా లేదా?"

"సరిపోయింది."

"మరి గింకేంది పంచాది? నీకు కండ్లు మసకైనయ్. ఆస్పత్రికి తీస్కపోవుడా?"

నవ్వాడు. నేను కోడి సంగతి అడిగితే అతను లెక్క సంగతి అడిగాడు. అదే నాకు పట్టుకుంది. లెక్క మీద అంత ధీమా ఉన్నవాడు లెక్క చూసే పని చేసినట్టే. మంచి గుడ్లు పెట్టే పెట్టని పట్టుకెళ్ళి, గుడ్లుడిగిన ముసలిపెట్టని తెచ్చి వదిలితే ఎవరికి తెలుస్తుంది? బురదలో అన్నీ ఒకటే కదా. ఆ వారమంతా గుడ్లు తగ్గుతూ వచ్చాయి. ముసలావిడ, నువ్వు తింటున్నావా అన్నట్టు నన్ను చూడడం మొదలెట్టింది. నోరు తెరిచి అనలేదు. గుడ్డు తీసుకునేటప్పుడు నా చెయ్యి చూసేది.

అప్పుడు మా పేటలో చేసే పనే చేశాను. మా దగ్గర కోళ్ళు ఇంటికొకటిగా తిరగవు. వీధంతా కలిసి మేస్తాయి. పొద్దుగూకేసరికి ఎవరివి వాళ్ళు గంప కింద పెట్టుకోవాలి. అందుకని ఇంటికో రంగు గుడ్డపీలిక కోడికాలికి కడతాం. మాది పసుపు, మా తోడికోడలిది ఎరుపు. కోడి ఏ దిబ్బ మీద దొరికినా ఆ గుడ్డే మాట్లాడుతుంది. దాని ముందు ఎంత గయ్యాళిదైనా నోరు మూయాల్సిందే.

నేల తుడవడానికి పాతబట్టల సంచి ఉండేది. అందులోంచి ఒక ఆకుపచ్చ గౌను తీశాను. మామా ఇంట్లో వేసుకునే పొడుగు గౌను, చంక దగ్గర చిరిగితే పడేసింది. అంచు నుంచి పీలికలు చింపాను. ఒక్కో కోడిని పట్టుకుని, ఎడమకాలికి చుట్టి, ఊడకుండా ముడి మీద ముడి వేశాను. ఇక చూద్దాం నీ లెక్క అనుకున్నాను.

మళ్ళీ వాన కురిసింది. డ్రైవరు మళ్ళీ అర్దియా వెళ్ళొచ్చాడు. పొద్దున దొడ్లోకి దిగి ఒక్కో కోడినీ ఎత్తి కాలు చూశాను. లెక్క సరిపోయింది. ఒకదానికి పీలిక లేదు. దొంగ దొరికాడని సంతోషమే కలిగింది ముందు. తర్వాత అనుమానం. ముడి ఊడి బురదలో పడిందేమో? అది తేలకుండా మనిషి మీద మాటనడం ఎలా? బోర్లా వంగి బురదంతా చేత్తో కెలికాను. బూడిద, ఈకలు, మేత పొట్టు. గుడ్డ లేదు.

తలెత్తితే జాలీకి అవతల మామా. ఎప్పుడూ దొడ్డివైపు రాని మనిషి. ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని నన్ను కాదు, కోళ్ళ కాళ్ళని చూస్తోంది.

"షినూ హాదా?" అంది. ఏమిటిది అని.

నేను నవ్వుతూ ఒక కోడిని ఎత్తి చూపించాను. ఎంత తెలివైన పని చేశానో చూడమని. ఆవిడ దగ్గరికొచ్చి ఆ పీలిక పట్టుకుని చూసింది. నిప్పు ముట్టుకున్నట్టు వదిలేసింది.

"ఇది నా గౌను."

"అవును మామా, పాతది."

"నా ఒంటి మీది బట్ట. ముడి. ముడి మీద ముడి. బురదలో ఏం పాతిపెడుతున్నావు?"

ఆ నెలలో మామాకి ఒంట్లో బాగుండడం లేదు. తలనొప్పి, నిద్ర లేదు, డాక్టరు ఏమీ లేదంటాడు. అది నాకు తెలుసు. ఆ మాటకీ ఈ ముడికీ మధ్య ఆవిడ దారి వేసుకోవడం నా కళ్ళముందే జరిగింది. వెనక్కి నడుస్తూనే ఆ మాట అంది. "సిహిర్."

ఇక్కడ ఇళ్ళలో పనిచేసే ఏ ఆడదానికైనా ఆ మాట తెలుసు. మేము చిల్లంగి అంటాం. మనిషి వాడిన బట్ట, వెంట్రుక, గోరు తీసుకుని ముడేసి పాతిపెడితే ఆ మనిషి ఎండిపోతుందని వాళ్ళూ నమ్ముతారు, మేమూ నమ్ముతాం. ఆ మాట మీద పోలీసుల దాకా పోయిన పనిమనుషుల కథలు విన్నాను. మా వైపు చిన్నప్పుడు నేను చూసిందీ ఉంది. ఒకామె చిల్లంగి చేస్తోందని మగాళ్ళు పట్టుకుని పళ్ళు రాలగొట్టారు. నోటినిండా రక్తంతో ఆమె ఏదో చెప్తూనే ఉంది. పళ్ళు లేని నోట్లో ఏ మాటా నిలవలేదు.

నా మీద ఆ మాట కొత్త కాదు. మా ఆయన కొబ్బరి దింపు తీసేవాడు. జ్వరమొచ్చి నాలుగునాళ్ళు మంచాన పడి పోయాడు. పదోరోజు కాకముందే మా తోడికోడలు చెరువు గట్టున అంది, బంగారంలాంటి మనిషిని అది ఊరికే పోగొట్టుకుందా, దాని చెయ్యే మంచిది కాదు అని. నేను కువైట్ రావడానికి ఆ మాట కూడా ఒక కారణం. ఇప్పుడు ఇదే పేరుతో ఇక్కణ్ణుంచి తిప్పి పంపితే ఊళ్ళో ఏమంటారు? చూశారా, సముద్రం దాటినా అదే పని చేసింది అంటారు. నాకు పోలీసుల భయం ఒక పాలు. మా వీధి భయం మూడు పాళ్ళు.

"సిహిర్ మాఫీ మామా, మాఫీ," అన్నాను. సిహిర్ కాదు, లేదు. గుర్తు అనే మాటకి అరబ్బీలో ఏమంటారో నాకు రాదు. కోడి, దొంగ, కాలు అని చేతులు తిప్పాను. బురద చేతులతో దగ్గరికి వెళ్తే ఆవిడ ఇంకా వెనక్కి జరిగింది.

ముసలావిడ కర్ర పట్టుకుని వచ్చింది. కోడల్ని ఊరుకోమంది. రేకు కింద కుర్చీ వేయించుకుని కూచుంది.

"ప్రతి ముడీ విప్పు. నా ముందు. నేను ఖురాన్ చదువుతుంటాను," అంది.

తుంపర పడుతోంది. ఒక్కో కోడిని పట్టాలి. బురదలో పరిగెత్తే కోడిని పట్టుకున్నారో లేదో మీరు, నేను రెండుసార్లు పడ్డాను. పలక మీద కాలు జారి ఒళ్ళంతా రొచ్చు.

"నువ్వు కోడిని పడుతున్నావా, కోడి నిన్ను పడుతోందా?" అంది ముసలావిడ. కోడలు నవ్వలేదు.

తడిసిన ముడి బిగుసుకుపోతుంది. గోళ్ళతో రాదు. పళ్ళతో పట్టుకోబోతే మామా కేక పెట్టింది, నోట్లో పెట్టకు అని. ఏం మంత్రం వేస్తానో అని. వేళ్ళు నెత్తురు వచ్చేదాకా గీకి విప్పాను. ముసలావిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఒక్కో పీలిక పళ్ళెంలో పడుతోంది.

అన్నీ అయ్యాక మామా మిగిలిన గౌను తెచ్చి వరండాలో పరిచింది. పీలికలు ఒక్కొక్కటే చింపిన చోట ఆనించుకుంటూ వచ్చింది. దర్జీదానిలా జాగ్రత్తగా పెట్టింది. చివరికి ఒకచోట ఖాళీ. వేలు పెట్టి చూపించింది.

"ఇదెక్కడ?"

డ్రైవరు పేరు నోటిదాకా వచ్చి ఆగింది. అతను కోడిని బయటికి తీసుకెళ్ళాడంటే నా ముడి బయటికి వెళ్ళినట్టే. ఎవరి చేతికి పంపావు నా బట్ట అని ఆవిడ అడుగుతుంది. ఇద్దరూ ఒకే భాష మాట్లాడుకునేవాళ్ళు, ఇద్దరూ కలిసే చేశారంటుంది. నిన్నటిదాకా ఎవరికి చూపించాలా అని నేను వెతికిన దొంగతనం, ఇప్పుడు నేనే దాచాలి.

"బురదలో ఉండి ఉంటుంది మామా. వెతుకుతాను."

"రేపు మగ్రిబ్ లోపల. లేకపోతే పోలీస్," అంది. పొద్దుగూకే నమాజు లోపల.

మర్నాడు పొద్దున్నే డ్రైవరు కారు అద్దాలు తుడుస్తుంటే పక్కన నిలబడ్డాను.

"తమ్ముడూ, కోడి కావాలి నాకు."

"మల్ల షురూ చేసినవా?"

"నీతో దెబ్బలాటకి రాలేదయ్యా. దాని కాలికి గుడ్డ ఉంది. మామా గౌను గుడ్డ. సిహిర్ అంటంది."

చెయ్యి ఆగింది. "సిహిరా?"

"నన్ను పోలీసులకి ఇచ్చేత్తంది. నేనెళ్తే ఊరుకుంటానా? గుడ్డ బయటికి ఎవరు మోసేరని అడుగుతారు. నేను చెప్పకపోయినా అడుగుతారు."

"నన్నెందుకు గుంజుతవే దీంట్లకు? నీ గుడ్డ, నీ ముడి. నాకేం ఎరుక? దాని కాళ్ళకు అంత మన్నే ఉండె, నాకేం కండ్లవడలే..."

మాట నోట్లోనే ఆగిపోయింది. అతను తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు.

"ఏం కళ్ళబడలేదు తమ్ముడూ?"

"పో అక్కా. నేను బాబాను దించి రావాలె. యల్లా."

కారెక్కి వెళ్ళిపోయాడు. అతను అర్దియా వెళ్తాడో, తన దారి తను చూసుకుంటాడో నాకు తెలియదు. పాస్‌పోర్టు మామా దగ్గర, ఫోనులో డబ్బు లేదు, ఎవరికి చెప్పుకోవాలి? దొడ్లోకి వెళ్ళి బురద గీకుతూ కూచున్నాను. మామా పైకిటికీ తెర కదిలినప్పుడల్లా వెతుకుతున్నట్టు చేతులు లోపలికి పెట్టాను.

మధ్యాహ్నం ముసలావిడకి అన్నం పెట్టి వచ్చేసరికి పెట్ట అక్కడుంది. తోకలో తెల్ల ఈక ఉన్నది. నిజంగా నాదే. ఎడమకాలికి ఆకుపచ్చ పీలిక, నేను వేసిన ముడి. లెక్క పెరగలేదు, అంటే నిన్న పీలిక లేకుండా దొరికిన పెట్ట పోయింది. ఎవరూ చూడకుండా దించి దాన్ని పట్టుకుపోయాడు. లెక్క దగ్గర మాత్రం అతను తప్పడు.

ముందు కళ్ళనీళ్ళు తిరిగాయి. తర్వాత దాని కాళ్ళు చూశాను. పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. ఒక్క బురద చుక్క లేదు. ఎండు ఇసక మీద తిరిగిన కోడి. ఈకలు కూడా ఆరిపోయి విచ్చుకుని ఉన్నాయి. దీన్ని ఇలా తీసుకెళ్తే బురదలో దొరికిందంటే నమ్మేదెవరు?

చుట్టూ చూశాను. కిటికీ తెర కదల్లేదు. పెట్టని పట్టుకుని బురదలో పొర్లించాను. అది రెక్కలు కొట్టుకుని అరుస్తుంటే ముక్కు మూసి పట్టుకుని, కాళ్ళు, పొట్ట, తోక, అన్నిటికీ మెత్తాను. నెలరోజులుగా ఆ కోళ్ళ కాళ్ళ నుంచి బురద వదిలించిన చేతులే ఇవి.

ముసలావిడ దగ్గరికి తీసుకెళ్ళాను. మామా గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఎక్కడుంది?"

"గూడు వెనకాల. బురదలో దిగబడిపోయి ఉంది మామా."

"రెండు రోజులా?"

"అవును."

ముసలావిడ ఒళ్ళో గోనె పరుచుకుని కోడిని తీసుకుంది. ముడి తనే విప్పింది. చదువుతూ, మెల్లిగా. విప్పాక పీలిక పళ్ళెంలో వేసి, కోడిని వదలకుండా రెక్క ఎత్తి కిందికి వేళ్ళు పోనిచ్చింది. ఆ చోటికి నేను బురద పెట్టలేదు. తీసిన వేళ్ళు ఎండుగా ఉన్నాయి. వేళ్ళు ఒకదానికొకటి రాసుకుని నా మొహం చూసింది. నేను నేల చూశాను.

"దొరికాయా అన్నీ?" అంది గుమ్మంలోంచి మామా.

"దొరికాయి," అంది ముసలావిడ. "ఖలాస్. కాల్చేయండి."

గౌనూ పీలికలూ కలిపి కుంపట్లో వేశారు. మామా అది పూర్తిగా బూడిదయ్యేదాకా నిలబడింది. పోలీసు మాట మళ్ళీ రాలేదు. ఇక్కడ ఉండడానికి కావలసిన నా ఇఖామా కూడా ఆ తర్వాత మళ్ళీ కట్టారు.

ముసలావిడ ఎందుకు ఊరుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. దయ అని చెప్పుకోవచ్చు, వినడానికి బాగుంటుంది. నేనలా అనుకోను. నేను పోతే పొద్దున్నే వెచ్చని గుడ్డు తెచ్చేవాళ్ళు లేరు, కాళ్ళు పట్టేవాళ్ళు లేరు. లేదా ఆ ఎండువేళ్ళ సంగతి మనసులో దాచుకుని ఉంటుంది, ఎప్పుడు అవసరమొస్తే అప్పుడు తీయడానికి. నాకు ఆవిడ ఎప్పుడైనా చెయ్యి చాపితే ఆ వేళ్ళే కనిపిస్తాయి.

మామా తన బట్టలు నాకు ఇవ్వడం మానేసింది. తనే మిషన్లో వేసి, తిరగడం ఆగేదాకా పక్కనే నిలబడుతుంది. దువ్వెన గదిలో పెట్టి తాళం వేసుకుంటుంది. తప్పు పట్టలేను. ఈ మధ్య నేను కూడా తల దువ్వుకుని రాలిన వెంట్రుకలు చుట్టి, టాయిలెట్లో వేసి నీళ్ళు వదులుతున్నాను. ఎవరు ఏం చేస్తారని? ఏమో.

కొన్నాళ్ళకి డ్రైవరు కూరగాయల సంచి వంటింట్లో దించుతూ మెల్లిగా అడిగాడు.

"అక్కా, ఖలాసేనా? మామ ఏమన్నంటున్నదా?"

"ఏమనట్లేదు. మరి ఆ మొదటి పెట్ట సంగతేంటయ్యా?"

"ఏ మొదటి పెట్టనే?"

"మూల నిలబడిందే, అది."

"దేవుని సాచ్చిగా అది మీదే అక్కా," అన్నాడు. నా కళ్ళలోకి చూసే అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. అబద్ధమూ అయ్యుండొచ్చు. పొడుస్తున్నవాటికి మాత్రమే తెలుసు, అవి చెప్పవు.

మర్నాటినుంచి మళ్ళీ వాన. దొడ్డి మళ్ళీ అడుసు. ఈసారి గుడ్డ కట్టలేదు. గోరు కత్తిరించి గుర్తు పెడదామనుకుని, కత్తెర తెచ్చి, గోరు అనగానే సిహిర్ గుర్తొచ్చి వెనక్కి పెట్టేశాను. రంగు పూయలేను, దారం కట్టలేను, ఈక పీకలేను. ఏది చేసినా దానికి ఇంకో పేరు సిద్ధంగా ఉంటుంది. పొద్దున అతను అర్దియా వెళ్ళొచ్చాడు. కోళ్ళు బురదలో తిరుగుతున్నాయి. ఒకే రంగు, ఒకే నడక. ఏది పోయిందో, ఏది వచ్చిందో పట్టుకునే దారి లేదు.

మామా గుమ్మంలోంచి అడిగింది, "అన్నీ ఉన్నాయా?"

లెక్కపెట్టాను.

"అన్నీ ఉన్నాయి మామా," అన్నాను.